వక్క కూర్చునే చోటు

లైను ఇంకా కలవలేదు. ఆపరేటరు సావిత్రమ్మ "గుంతకల్లూ, గుంతకల్లూ" అని పిలుస్తూనే ఉంది, గుంతకల్లు పలుకుతూనే ఉంది, దాని అవతల బెంగుళూరే మొండికేసి కూర్చుంది. ఆదోని టెలిఫోను ఆఫీసులో ఈ చెక్క బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో చూసుకోకూడదని గడియారం విప్పి చేతిసంచిలో పడేశాను, ఇప్పుడు సంచి వైపు చూడకూడదని ఇంకో నియమం పెట్టుకోవలసి వచ్చింది. పక్కన అమ్మ. మధ్వనవమి వంటంతా చేసి, నాన్న పూజకు అన్నీ అందించి, వచ్చినవాళ్ళకు వడ్డించి, ఇప్పుడు కాసేపు నడుం వాల్చవలసిన మనిషి, "నీ ఫోను నేనూ ఇంటా పద" అని చెప్పులు వేసుకుంది. ఒళ్ళో వక్కల సంచి, చేతిలో అడకత్తెర, టక్. ఎదుటి బెంచీ మీద పత్తి దలాలి దేవేంద్రప్ప బొంబాయి లైను కోసం కూర్చున్నాడు, ఆయన గుమాస్తా సుంకప్ప కూర్చోలేక నిలబడలేక గుమ్మంలో తిరుగుతున్నాడు. మాఘమాసం, పత్తి ముమ్మరంగా దిగే రోజులు, జిన్నింగు మిల్లుల హోరు గోడల్లోంచి వస్తోంది, దూది నూగు సావిత్రమ్మ జడ మీద, అమ్మ పట్టుచీర మీద, నా మోచేతుల మీద. బెంగుళూరులో మా ల్యాబు నాగరత్న ఫోను పక్కనే ఉంటుంది, ఉండాలి. నిన్న రాత్రంతా కౌంటరు యంత్రం లెక్కపెట్టిన అంకెలు ఆమె చేతిలో ఉంటాయి. ఆ అంకెలు తగ్గి ఉంటే నా మూడేళ్ళ పని నిలబడుతుంది. తగ్గకపోతే వక్క మీద పరిశోధన ఇంతటితో కట్టిపెట్టి సోమవారం నుంచి మరొకరి పనిలో చేయి కలపాలి. మా ప్రొఫెసరు ఆ మాట మర్యాదగానే చెప్పారు, ఆయన మర్యాదగా చెప్పిన మాటకు తిరుగుండదు.

టక్. ఆ చప్పుడుతోనే మొదలైంది ఇదంతా. చిన్నప్పుడు భోజనాలయ్యాక అమ్మ దవడలోకి వక్క వెళ్ళేదాకా మాకెవరికీ ఆమెతో మాట్లాడే ధైర్యం ఉండేది కాదు. వక్క వెళ్ళేది, కాసేపటికి నుదురు మీద చిన్న చెమట, కళ్ళల్లో ఒక మెరుపు, అప్పుడు అడిగితే జాతరకు పంపేది, సినిమాకు పంపేది, సిరా ఒలకబోసిన సంగతి చెప్పినా "పోనీలే" అనేది. వక్క ఎక్కడికి పోతుంది లోపల, ఎవరి తలుపు తడుతుంది, అని అడిగితే నాన్న నవ్వేవాడు. మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పే భీమసేనరావు మాస్టారు మా నాన్న, ఆయనకు మెదడు అంటే లెక్కలు చేసే వస్తువు, అందులో వక్కకు పనేమిటి? నాకు మాత్రం అడుగుదామనిపించేది, ఆ అడుగుదామనిపించడమే కర్నూలు కాలేజీ దాకా, అక్కణ్ణుంచి బెంగుళూరు దాకా, మెడికల్ లైబ్రరీలో దుమ్ము పట్టిన సంపుటాల దాకా తరుముకుంటూ తీసుకుపోయింది. మూడేళ్ళ కింద ప్రొఫెసరు ఏ సమస్య మీద పని చేస్తావని అడిగితే, నిద్రమాత్రలు, నొప్పి మందులు అని ఊళ్ళో అందరూ అనే పేర్లు నోటిదాకా వచ్చి, "వక్క సార్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎవరిదైనా మాట నచ్చితే ఆయన చేసే పని అది, నచ్చకపోయినా చేసే పని కూడా అదేనని తర్వాత తెలిసింది.

"ఏమే కృష్ణీ, ఆ గుంతకల్లోళ్ళు అన్నం తినేకి పోయినారేమో," అంది అమ్మ.

"ఉండు అమ్మా, కలుస్తుంది."

కలుస్తుంది. మెదడులో సీట్లు ఉంటాయని అమ్మకు చెప్పింది ఎమ్మిగనూరు బస్సులోనే. పిన్నమ్మ వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా అదే తంతు, ఆదోని బస్టాండులో బస్సు ఆగకముందే నాన్న పరిగెత్తి కిటికీలోంచి తువ్వాల లోపలికి విసిరేవాడు, ఇక ఆ సీటు మాది, ఎవరు ముందెక్కినా సరే తువ్వాలను చూసి పక్కకు తప్పుకోవలసిందే. మెదడులో కణాల మీద రిసెప్టర్లని ఉంటాయమ్మా, అవి సీట్లు, ఏ సీటు ఎవరిదో ముందే రాసిపెట్టి ఉంటుంది, శరీరంలో పుట్టే రసాయనం వచ్చి కూర్చుంటుంది, అది కూర్చుంటేనే కబురు కదులుతుంది. నేను చేసేదేమిటంటే, ఒక మందుకు రేడియో ధార్మికత అనే గుర్తు పెట్టి, బస్సు నిండా ఆ గుర్తున్న ప్రయాణికుల్నే ఎక్కిస్తాను. తర్వాత వక్క సారం పోస్తాను. ఆ సీటు మీద వక్కకు నిజంగా హక్కుంటే గుర్తున్నవాళ్ళు లేచి దిగిపోవాలి, యంత్రం లెక్కపెట్టే అంకె తగ్గాలి. హక్కు లేకపోతే ఒక్కడూ లేవడు. అమ్మ అంతా విని, "మరి టాపు మీద, మెట్ల మీద వేలాడేటోళ్ళు?" అంది. అదీ అసలు బెడద. గాజుకు, మురికికి, దేనికి పడితే దానికి అతుక్కుని వేలాడేవాళ్ళు ఎవరొచ్చినా దిగరు, వాళ్ళను చూసి బస్సు నిండుగా ఉందని మోసపోతాం. మొదట్లో నేనూ మోసపోయాను. కండక్టరు ఆ రోజు మా ఇద్దరినీ వింతగా చూశాడు, వక్కకు టికెట్టు తీసుకోలేదని కాబోలు.

సుంకప్ప టీ తాగివస్తానని బయటికి పోయాడు. దేవేంద్రప్ప జేబులోంచి దూది పింజె తీసి వేళ్ళ మధ్య లాగి లాగి పొడుగు చూసుకుంటున్నాడు, మనసు బాగాలేనప్పుడు ఈ ఊరి మగవాళ్ళంతా చేసే పని. ఎవరి ఆందోళన వాళ్ళ చేతుల్లో ఉంటుంది, అమ్మది అడకత్తెరలో, నాది చేతిసంచి జిప్పులో. ప్రయోగాల కోసం మేక మెదడు ముట్టిన చేతులు ఇవి. తెల్లవారుజామున బెంగుళూరు మార్కెట్టులో కసాయి నా కోసం ఐసు మీద పక్కన పెట్టేవాడు, "ఈ రోజు కూరకు ఎంతమందమ్మా?" అని అడిగేవాడు, నేను మొహమాటానికి "చాలామంది" అనేదాన్ని. ఇంట్లో తెలిసిన రోజు ఏమవుతుందోనని వణికిపోయాను. నాన్న మేకా గొర్రా అని మాత్రం అడిగి ఊరుకున్నాడు. అమ్మ దేవుడి గది వైపు చూసి చాలాసేపు ఆలోచించి, "ఆడ నీ పని, ఈడ నా మడి. ఇంటికొస్తే గడప దాటకముందే తలకు పోస్కో," అని తేల్చేసింది. నిజానికి అమ్మ మడి ఏపాటిది, నా ల్యాబు మడి చూస్తే కదా! ఆ గుర్తున్న మందు ముట్టిన గిన్నె వేరే, గరిటె వేరే, అవి కడిగే తొట్టి వేరే. ముట్టుకున్న చేత్తో తలుపు పిడి ముట్టకూడదు, పెన్ను ముట్టకూడదు, ముక్కు దురదపెడితే ఓర్చుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళు నెలల తరబడి తప్పులు చేసి తిట్లు తింటుంటే నేను మొదటి రోజే ఒక్క తప్పూ చేయలేదు, ప్రొఫెసరు ఎక్కడ శిక్షణ పొందావని అడిగారు. మా వంటింట్లో అని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

అంత మడి కట్టుకున్నా రెండుసార్లు అంకె కదల్లేదు. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి ఏడవడానికి కూడా మనసొప్పలేదు, నాగరత్నతో కలిసి హోటల్లో మసాలా దోసె తిని వచ్చాను. తింటుంటే ఎదుటి టేబులు ముసలాయన బిల్లుతోపాటు వచ్చిన ఎర్ర వక్క ముక్క నోట్లో వేసుకుని ఏమీ కానట్టు ఈనాడు తిరగేసుకుంటున్నాడు, ఆయనకు చెమట పట్టలేదు, కళ్ళు మెరవలేదు. అమ్మకయితే పట్టాలే! అప్పుడు తట్టింది. నేను వాడిన వక్క కొట్లో కొన్నది, నిగనిగలాడే ఎర్ర వక్క. లేత కాయల్ని కోసి నీళ్ళలో ఉడకబెట్టి రంగు పట్టిస్తారు. ఉడికించిన నీళ్ళతోపాటే మందంతా పోయి ఉంటుంది, నేను పిప్పిని పరీక్ష చేస్తున్నాను. అమ్మ వాడేది తెల్లది, కాయ ముదిరి ఎండలో ఎండినది, శిరసి వైపు నుంచి చుట్టాలు తెస్తారు. నా ట్రంకు పెట్టె అడుగున, చట్నీపొడికీ ఊరగాయకీ మధ్య, నేనడక్కుండానే అమ్మ సర్ది పంపిన పొట్లం ఉండనే ఉంది. వారం రోజులు దాన్ని దంచి, నానబెట్టి, వడగట్టాను. గుర్తున్న మందు సీసాలో ఒక్క ప్రయోగానికి సరిపడా మిగిలింది, మళ్ళీ తెప్పించాలంటే ఏడాది పడుతుంది, తెప్పించే ఉద్దేశం ఎవరికీ లేదు. ఆ చివరి మందుతో గాజు గొట్టాలన్నీ నింపాను. నింపిన సాయంత్రమే అమ్మ తంతి, నవమికి రాకపోతే ఊరుకోనని. యంత్రం దగ్గర నాగరత్నను కూర్చోబెట్టి, గుంతకల్లులో రైలు మారి వచ్చేశాను, మారే చోట పొరపాటున బళ్ళారి బండి ఎక్కబోయి దిగాను, మనసు అలా ఉంది.

"బొంబాయి యేమైనా పలికినాదా సావిత్రమ్మా?" దేవేంద్రప్ప గొంతు.

"అదీ లేదన్నా. ఈ పొద్దు లైన్లకన్నిటికీ నిద్దరొచ్చినాది."

పత్తి ధర పెరిగిందో పడిందో. ఆదోనిలో పుట్టిన ఎవరికైనా ధర పడటమంటే ఏమిటో బడికి పోకముందే తెలుస్తుంది. మా వీధిలో నేను ఎవరిళ్ళకు ఆడుకోవడానికి వెళ్ళినా, ఆ రోజు బొంబాయిలో పత్తి పడిందంటే తినడానికి మరమరాలే, లేచిందంటే మిఠాయి. పడింది అన్న మాట ఎవరి నోట విన్నా ఊరంతా పెదవి విరిచేది. అందరూ అంకె లేవాలని మొక్కుకునే ఊళ్ళో పుట్టి, అంకె పడాలని మొక్కుకుంటూ కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటే నవ్వొస్తోంది. మొక్కుకుంటున్నానా? మొక్కుకోవడం లేదు, నేను సైంటిస్టును. మరి పొద్దున జరిగినదేమిటి? నేను రాత్రంతా నిద్రపట్టక దొర్లి, పొద్దున ఏమీ వద్దని గోడవైపు తిరిగి పడుకుంటే, అమ్మ తెల్లవారకముందే రణమండలం కొండెక్కి ఆంజనేయుడి దగ్గర పూలు పెట్టించి వచ్చింది. తడిపిన పూలు స్వామి భుజాల మీద అంటించి, మనసులో పని చెప్పుకుని కళ్ళార్పకుండా కూర్చుంటారు, కుడిపక్క పువ్వు రాలితే పని అయినట్లు, ఎడమపక్కది రాలితే కానట్లు. అమ్మ వచ్చి, "రాలినాదే, కుడిపక్కనే," అంది. తడి ఆరితే ఏ పువ్వయినా రాలుతుంది, గాలి ఏ పక్క వీస్తే ఆ పక్కది ముందు రాలుతుంది, దానికి పోల్చి చూసుకునే గొట్టం లేదు, రెండోసారి లెక్క లేదు, అలాంటి ప్రయోగాన్ని మా ప్రొఫెసరు గుమ్మంలోనే ఆపేస్తారు. ఇవన్నీ అమ్మతో చెప్పాను. చెప్పి, లేచి తలకు పోసుకుని, ఉప్పిట్టు ఇంకో గరిటె వేయించుకుని తిన్నాను. అప్పటినుంచి గుండెలో ఎక్కడో ఆ పువ్వు ఉంది. నాకు నమ్మకం లేదు, కానీ ఉంది, తీసేద్దామంటే చేయి రావడం లేదు.

"బెంగుళూరమ్మా! లెయ్యండి, లెయ్యండి, పెట్టెలోకి పోండి!"

చేతిసంచి కిందపడింది. మనిషి పట్టేంత చెక్క పెట్టెలోకి దూరి ఫోను ఎత్తాను. అందులో హోరు తప్ప ఏమీ లేదు, జిన్నింగు మిల్లు ఫోనులోకే వచ్చినట్టుంది. "నాగరత్నా!" అని అరిచాను. హోరు. "నాగరత్నా, తగ్గిందా?" బయట అడకత్తెర ఆగింది. ఎక్కడో చాలా దూరాన చీమ గొణిగినట్టు ఒక గొంతు, అది నాగరత్నో, గుంతకల్లో. "వినపడటం లేదు! ఏమీ వినపడటం లేదు!" నా గొంతు పగిలిపోతోంది, మూడేళ్ళు ఆ తీగ అవతలి కొసన ఉన్నాయి, ఇవతలి కొసన హోరు.

"నాకినపడతాందమ్మా, మీరు గమ్మునుండండి. ఆయమ్మ సెప్పేది నేను సెప్తా," అంది సావిత్రమ్మ బోర్డు దగ్గర్నుంచి. ఆవిడకు కన్నడం మాకు వచ్చినట్టే వచ్చు. చెవి గొట్టాన్ని అరచేత్తో నొక్కి పట్టుకుంది. "ఊఁ. ఊఁ. హేళి. ... వక్క పొయ్యనివి పోయిన తూరి మాదిరే ఉండాయంట."

"పోసినవి?"

సావిత్రమ్మ వింటోంది. ఇంకా వింటోంది. ఆమె మొహంలో జాలి మెల్లగా పైకి రావడం చూశాను.

"పడిపోయినాయంటమ్మా," అంది తగ్గు గొంతుతో. "సగానికి కింద పడిపోయినాయంట."

"మళ్ళీ అడుగు! మళ్ళీ అడుగు సావిత్రమ్మా!"

"రెండు తూర్లు లెక్క పెట్టినా పడే ఉండాయంట. వక్క ఎంత పోస్తే అంత పడతాండాయంట, ఆయమ్మ ఆడ ఏడుస్తాందో నగుతాందో తెలీకుండాది. ... అయ్యో, తెగిపోయింది."

ఎంత పోస్తే అంత. ఎంత పోస్తే అంత! వేలాడేవాళ్ళు కాదు, సీట్లు, నిజమైన సీట్లు, వక్క వచ్చి తువ్వాల తీసి పక్కన పెట్టి కూర్చుంది, కొంచెం పోస్తే కొందరు లేచారు, ఎక్కువ పోస్తే ఎక్కువమంది లేచారు, లేచిన ప్రతివాడికీ నేను దణ్ణం పెడతాను. ఉప్పగా ఏదో పెదవుల మీదికి వస్తే నేను ఏడుస్తున్నానని తెలిసింది. పెట్టెలోంచి బయటికి వచ్చేసరికి దేవేంద్రప్ప నిలబడి ఉన్నాడు, భుజం మీది కండువా తీసి చేత పట్టుకుని, చావు ఇంటికి వచ్చినట్టు.

"ధైర్యం సెడొద్దు తల్లీ," అన్నాడు. "మార్కెట్టన్నాక పడతాది, లేస్తాది. నేను చూసిన పడుడు ఎవురూ చూసుండరు. నిలదొక్కుకోల్యా? ఇంతకీ యేం సరుకమ్మా మీది?"

"వక్క," అన్నాను ఏడుస్తూ నవ్వుతూ. "పడాలనే చూస్తున్నానన్నా, మూడేళ్ళుగా!"

ఆయన నావైపు, అమ్మవైపు, సావిత్రమ్మవైపు చూశాడు. తర్వాత గుమ్మం వైపు. గుమ్మంలో సగం తాగిన టీ గ్లాసు ఒక్కటే ఉంది, సుంకప్ప లేడు. "వక్కనా! ఓరి నీ పాసుగూల, సుంకప్పా! వీడు బొంబాయి పడిందనుకొని యార్డుకు పరిగెత్తినాడమ్మో!" అని పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఆయన పరిగెత్తిన పరుగు చూస్తే, ఆ వయసులో అంత జోరు ఏ రిసెప్టర్ మీద ఏది కూర్చుంటే వస్తుందో కనుక్కోవాలనిపించింది. సావిత్రమ్మ బోర్డు వదిలి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, పడితే మంచిదని ముందే చెప్పి ఉంటే ఆ మాట కేకేసి చెప్పేదాన్ని కదా అని నిష్ఠూరమాడింది. ఆమె చేతిలో అమ్మ ఇంత వక్క పెట్టింది.

జట్కాలో ఇంటికి వస్తుంటే పత్తి మార్కెట్టు యార్డు ముందు జనం గుంపుగా ఉన్నారు. పత్తి బళ్ళ మధ్య బండి నొగ మీదికెక్కి దేవేంద్రప్ప రెండు చేతులూ ఊపుతూ "వక్కప్పా, వక్క! పత్తి గాదు!" అని అరుస్తున్నాడు. సుంకప్ప ఆయన వెనక దాక్కుని ఉన్నాడు, పుకారుతో ఆగిన వేలం మళ్ళీ మొదలవుతోంది. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పిపుట్టాయి. సోమవారం ప్రొఫెసరు కళ్ళద్దాలు తుడుచుకుంటారు, ఈసారి ఎందుకో నాకు ముందే తెలుసు. వ్యాసం రాయాలి. వక్క ఏ ఊరిదో, ఎలా ఎండబెట్టిందో రాయాలి, ఎవరు పెట్టెలో సర్దారో రాయడానికి అందులో చోటుండదు, అదొక్కటే బాధ. సాయంత్రపు ఎండలో దూది నూగు బంగారంగా తేలుతోంది, నాకు ఊళ్ళో ప్రతివాళ్ళ మీదా ప్రేమ పుట్టుకొస్తోంది, ఆ గుర్రం మీద కూడా.

అమ్మ మాత్రం వక్కల సంచి వైపే చూస్తోంది. దవడలో వక్క లేదు, అదే వింత. అడకత్తెర సంచిలో పెట్టి ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది.

"కృష్ణీ. పొద్దున పువ్వు రాలలేదే."

"ఎడమపక్కది రాలిందా?"

"యాపక్కదీ రాలలేదు. ఎండొచ్చేదాకా స్వామి మొకమే చూస్తా కూర్చుంటి. కదల్లేదు. ఇంటికొస్తే నువ్వు ఆ గోడ తట్టు తిరిగి పండుకోనుంటివి. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకపోతివి. నోట్లోనించి వచ్చేసినాది, కుడిపక్క రాలిందని." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఫోను కాడికి ఒంటిగా యెట్ల పంపేది నిన్ను, ఆ మాట చెప్పి?"

ఒకరు తాకిన గిన్నెను మళ్ళీ తాకని మనిషి, తడిబట్టతో తప్ప దేవుడి దీపం ముట్టని మనిషి, నేను ఒక గరిటె ఉప్పిట్టు తింటానని ఆ దేవుడి పేరు మీదే అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని మోసుకుంటూ నవమి వంటంతా చేసి, వడ్డించి, బెంచీ మీద నా పక్కన కూర్చుంది. అమ్మ చేయి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. వక్క మరకల చేయి, నా చేతుల కంటే మెత్తగా ఉంది.

"మీ యంత్రం అబద్ధం చెప్పదు గదా?" అంది.

"చెప్పదు."

"అయితే రేపు పొద్దున మళ్ళా కొండెక్కల్ల."

"ఎందుకమ్మా, పని అయిపోయింది కదా?"

"స్వామికి చెప్పొద్దా? ఆయన ఇంకా ఆలోచన చేస్తా కూర్చోనుంటాడు పాపం."

నేనూ వస్తానన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది, సంచి ముడి విప్పి వక్క ముక్క దవడలో పెట్టుకుంది, నుదుటి మీద చిన్న చెమట పట్టేదాకా ఆగింది.

"రా. కానీ పువ్వు రాలేదాకా గమ్మున కూర్చోవల్ల, మధ్యలో లెక్కలు అడగరాదు," అంది.

కూర్చుంటానన్నాను.